కోసేసిన ముప్పై ఎనిమిది సెకన్లు

సినిమాకి నేపథ్య సంగీతం చేస్తారంటే జనం ఊహించుకునేది ఒకటి, మా పని ఇంకొకటి. పెద్ద హాలు, వరసగా కూర్చున్న వయొలిన్ వాళ్లు, కళ్లు మూసుకుని చెయ్యి ఊపే సంగీత దర్శకుడు, ఇవేవీ నేను చూడలేదు. నేను పని చేసింది భిలాయిలో, ఖుర్సీపార్ బజారులో, ఒక ఇనప సామాన్ల కొట్టు మీదున్న రెండు గదుల్లో. ఒక గదిలో ఎడిటింగ్. రెండో గదిలో నేను, నా వయొలిన్, ఒక హార్మోనియం, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు. చప్పుడు రాకుండా గోడలకి కొబ్బరిపీచు పరుపులు కొట్టాం. అయినా వెనక పట్టాల మీద గూడ్సుబండి వస్తే వాయిస్తున్నది ఆపి, అది దాటేదాకా కూర్చునేవాళ్లం.

మేం తీసినవి డాక్యుమెంటరీలు, కార్మికులకి భద్రత గురించి చెప్పే సినిమాలు, అప్పుడప్పుడు ఛత్తీస్‌గఢీలో చిన్న కథలు. సినిమా హాళ్లలో ఆడినవి కావు. కమ్యూనిటీ హాళ్లలో, బళ్లలో, పందిళ్లలో చూపించినవి. వాటికి నేను చేసిన సంగీతం తక్కువ రకం అని నాకెప్పుడూ అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఇప్పుడు భిలాయిలోనే, రుఆబాంధాలో ఇంట్లో కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు వచ్చి అడుగుతుంటారు, దీదీ మాకేమైనా చెప్పండని. మిషన్ల గురించి వాళ్లకే నాకన్నా ఎక్కువ తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. సంగీతం అంతా అయిపోయాక బొమ్మ మారితే ఏమవుతుందో, అప్పుడు మనం ఏం చెయ్యాలో. నా ఉద్యోగంలో సగం అదే. మిగతా సగం నేర్చుకున్నదీ అందులోంచే.

పహిల్వాను తువ్వాలు

మా నాన్న విజయనగరం దగ్గర నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో, పట్టాలు చేసే రైల్ మిల్లులో ఫిట్టరుగా చేరారు. నేను సెక్టర్ 4 క్వార్టర్లో పెరిగాను. పక్క లైన్లో ఉండే ఇంజనీరుగారి భార్య నాకు వయొలిన్ నేర్పారు. ఒకసారి శ్రీరామనవమి పందిట్లో వాయిస్తుంటే తివారీజీ విని, మర్నాడు ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడి నన్ను స్టూడియోలోకి తీసుకున్నారు. ఆ రెండు గదులకీ యజమాని ఆయనే, మా సినిమాలకి దర్శకుడూ ఆయనే. హిందీ మనిషి. ఖుర్సీపార్‌లో అన్నేళ్లుండి తెలుగు అర్థం చేసుకునేవారు గాని మాట్లాడితే మేం నవ్వు ఆపుకోవాల్సి వచ్చేది.

ఎడిటరు గిరి. శ్రీకాకుళం వాళ్లే గాని పుట్టింది, పెరిగింది ఇక్కడే. మాట తెలుగులో మొదలెట్టి హిందీలో ముగించేవాడు. నాకన్నా మూడేళ్లు చిన్న. అతనంత నిదానస్తుణ్ని నేను చూడలేదు, అతనితో పడినన్ని గొడవలు ఎవరితోనూ పడలేదు.

తొంభైల మొదట్లో మేం ఒక కుస్తీ పహిల్వాను మీద చిన్న సినిమా తీశాం. ఆఖరి కుస్తీకి నేను తబలాతో సంగీతం కట్టాను. పట్టు బిగుస్తున్నకొద్దీ లయ పెంచుతూ పోయి, అవతలివాడి వీపు మట్టికి తగలగానే ముక్తాయింపు సరిగ్గా అక్కడ పడేలా చేశాను. రెండు రోజులు కష్టపడ్డాను. గిరి ఇచ్చిన వీడియో క్యాసెట్ పెట్టుకుని, చేతిలో స్టాప్‌వాచీతో సెకన్లు లెక్కపెట్టి మరీ కట్టాను.

సినిమా వేసిన రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను. కుస్తీ మొదలైంది. లయ పెరిగింది. అవతలివాడు కింద పడ్డాడు, తబలా మాత్రం ఇంకా పరిగెడుతూనే ఉంది. పహిల్వాను లేచాడు, ఒళ్లు దులుపుకున్నాడు, తువ్వాలు తీసుకుని ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు పడింది నా ముక్తాయింపు, ధనధనమని, సరిగ్గా ముక్కు మీద. హాలంతా పకపకా నవ్వింది. పహిల్వాను నా వెనక వరసలోనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

జరిగింది ఏమిటంటే, ముందురోజు ఎవరో ఊరి పెద్దమనిషి చూసి, పోటీ మధ్యలో తన మేనల్లుడు ఓడిపోతున్న ముక్క తీసేయమన్నాడు. గిరి పదకొండు సెకన్లు కోశాడు. సంగీతం అప్పటికే వేరే టేపు మీద ఉంది. దాన్ని మొదటి నుంచి కలిపేసి ఊరుకున్నాడు.

మర్నాడు అతని మీద విరుచుకుపడ్డాను. అతను అంతా విని, టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"దీదీ, పదకొండు సెకన్లే కదా అనుకున్నాను, గల్తీ నాదే. కానీ మీరు కూడా నన్ను ఒక్కసారి అడగలేదు, ఎడిటింగ్ పూరా హో గయా క్యా, అంతా అయిపోయిందా అని. క్యాసెట్ పట్టుకెళ్లిపోయారు. మళ్లీ ఈ గదిలోకి రాలేదు."

నాకు కోపం తగ్గలేదు గాని మాట నిజం. సంగీతం నాది, బొమ్మ వాళ్లది అనుకుని నేను నా గదిలో కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఒక స్టూలు తీసుకెళ్లి గిరి పక్కన వేసుకున్నాను. ఆ స్టూలు మీద కూర్చునే నేను ఈ పని నేర్చుకున్నాను.

లోపల వదిలే గుడ్డ

అప్పటి ఎడిటింగ్ అంటే ఒక టేపు నుంచి ఇంకో టేపు మీదికి షాటు వెనక షాటు ఎక్కించడం. మధ్యలో ఒకటి తీసేస్తే తర్వాతవి వాటంతట అవి దగ్గరికి జరగవు. అక్కణ్నుంచి చివరిదాకా మళ్లీ ఎక్కించాలి. లేదా ఆ టేపునే ఇంకో టేపు మీదికి కాపీ చెయ్యాలి, అప్పుడు బొమ్మ మసకబారుతుంది. అంత కష్టం కాబట్టి మార్పులు తక్కువ ఉండాలి. కానీ ఉండేవి. చూపించే రోజు దగ్గరపడితేగాని మనుషులకి ఏం కావాలో తెలియదు, ఇది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అందుకని నేను కొన్ని అలవాట్లు చేసుకున్నాను. ఒక్కో వాద్యాన్ని ఒక్కో ట్రాకు మీదే ఉంచేదాన్ని, అన్నీ కలిపేసిన టేపు మాత్రమే మిగలనిచ్చేదాన్ని కాదు. పాటలాగా పొడుగ్గా సాగే వరసలు మానేసి, చిన్న చిన్న ముక్కలుగా కట్టేదాన్ని, ఎక్కడ కోసినా రక్తం కారకుండా. ప్రతి ముక్క చివరా ఒక స్వరాన్ని అవసరమైన దానికన్నా నాలుగు సెకన్లు ఎక్కువ పట్టేదాన్ని. జాకెట్టు కుట్టేవాళ్లు లోపల కాస్త గుడ్డ వదులుతారు కదా, అలాగ.

కొన్నేళ్లకి గిరి టేబుల్ మీదికి కంప్యూటరు వచ్చింది. షాటు తీసేస్తే మిగతావి వాటంతట అవే దగ్గరికి జరిగిపోయేవి. మేమంతా పండగ చేసుకున్నాం. ఏడాది తిరిగేసరికి నాకు అర్థమైంది, మార్పు సులువైతే నిర్ణయం ఆలస్యమవుతుందని. పొద్దున ఒక రకం, మధ్యాహ్నం ఒక రకం. తివారీజీ లాంటి గట్టి మనిషి కూడా "రెండూ పెట్టి చూద్దాం" అనడం మొదలెట్టారు. కొత్త పిల్లలకి నా మాట ఇది. మార్చగలం కాబట్టి మార్చకండి. మీ బొమ్మ కింద ఎవరో సెకన్లు లెక్కపెట్టుకుని కూర్చుని ఉన్నారని గుర్తుంచుకోండి.

అయితే ఆఖరి నిమిషంలో వచ్చిన ప్రతి మార్పూ చెడ్డది కాదు. ఆ సంగతి నాకు నేర్పింది నరసమ్మగారు. అది కంప్యూటరు రాకముందు, టేపుల రోజుల్లోనే.

నరసమ్మగారు

ఊరి బయట ఒక ప్రైవేటు వర్క్‌షాపులో గొలుసు తెగి, పైకెత్తిన ఇనప రేకు మీద పడి అప్పలరాజు అనే ఆయన చనిపోయాడు. గొలుసు అరిగిపోయిందని అక్కడ అందరికీ తెలుసు. ఏడాది తర్వాత కార్మికుల కుటుంబాలు కొన్ని కలిసి తివారీజీ దగ్గరికి వచ్చాయి, దాని మీద ఒక సినిమా తీసి అందరికీ చూపించాలని. అప్పలరాజు భార్యే నరసమ్మగారు. బడికెళ్లే కూతురితో ఖుర్సీపార్‌లోనే ఉంటూ ఒక మెస్సులో రొట్టెలు చేసేవారు. ముప్పై రెండో, ముప్పై మూడో ఉంటాయి. నటించే వాళ్లెవరో ఎందుకు, నా ఇంట్లో నేనే చేస్తాను, తీసుకోండి అని ఆవిడే అన్నారట.

ఆ సినిమాలో ముఖ్యమైన సీను ఆ రోజు ఆవిడ ఇంట్లో ఎలా గడిచిందన్నది. పొద్దున టిఫిన్ క్యారేజీ సర్దుతుంది. సాయంత్రం గుమ్మం మీద కూర్చుని ఎదురు చూస్తుంది. షిఫ్టు అయిపోయిన సైరన్ మోగుతుంది. సందులోకి సైకిళ్లు ఒక్కటొక్కటే వస్తాయి. ఆయన రాడు. ఆవిడ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచి ఆయన చొక్కా బయటికి తీస్తుంది. తర్వాత పొయ్యి వెలిగిస్తుంది.

ఆ చొక్కా దగ్గర తివారీజీ ఆవిణ్ని ఏడవమని చెప్పలేదు. చొక్కా విప్పి చూడమన్నారంతే. ఆవిడ విప్పారు, మడత పెట్టబోయారు, పెట్టలేకపోయారు. ముప్పై ఎనిమిది సెకన్లు. కెమెరా ఆగలేదు. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు గిరి లేచి బయటికి వెళ్లిపోయాడు.

నేను ఆ సీనుకి చేసిన సంగీతం అప్పటిదాకా నేను చేసినవాటన్నిటిలోకీ గొప్పది. ఇది గర్వంగానే చెప్తున్నాను. సెకనుకి ఒక అక్షరం చొప్పున ఆది తాళం, ఎనిమిది సెకన్లకి ఒక ఆవర్తనం. సీను నూట తొంభై రెండు సెకన్లు. ఇరవై నాలుగు ఆవర్తనాలు, ఒక్క సెకను మిగలకుండా. ఏడుపుకి పేరుపడ్డ రాగం శుభపంతువరాళిలో వయొలిన్ టిఫిన్ క్యారేజీ దగ్గర మంద్రస్థాయిలో మొదలై, గుమ్మం దగ్గర కొంచెం లేచి, సైరన్‌ని మింగేసి, పెట్టె తెరిచేసరికి తారస్థాయికి ఎక్కి, ఆవిడ మొహం చెదిరిపోయిన క్షణంలో పైన నిలబడేది. వెనక సాహూ వేణువు. సాహూ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తూ తీరిక వేళల్లో మాకు వాయించేవాడు. రికార్డింగు అయ్యాక అతను వేణువు పక్కన పెట్టి, మొత్తం మళ్లీ ఒకసారి వెయ్యమని అడిగాడు.

ఆదివారం పొద్దున సెక్టర్ 4 కమ్యూనిటీ హాల్లో సినిమా. గురువారం మధ్యాహ్నం తివారీజీ నరసమ్మగారిని పిలిచి కూర్చోబెట్టి మొత్తం చూపించారు. ఎవరి బతుకు తీస్తే వాళ్లకి ముందు చూపించాలని ఆయన పట్టుదల.

ఆవిడ చాప మీద కూర్చుని చూశారు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నారు. అయిపోయాక తివారీజీ "కైసా లగా బహన్‌జీ?" అని, ఎలా ఉందో అడిగారు. ఆవిడ నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వే సెప్పు ఆయనకి. ఆ పెట్టికాడ ఏడిసింది తీసీమను."

నేను అడ్డుపడ్డాను. "నరసమ్మగారూ, సినిమాకి ప్రాణం అదేనండి. అది చూశాక హాల్లో ప్రతివాడూ రేపు గొలుసు చూసుకునే పనిలోకి దిగుతాడు."

"గొలుసు సూసుకోడానికి నానేడవాలేటమ్మా?"

"తీసిన రోజు మీరు వద్దనలేదు కదా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆవిడకి కోపం రాలేదు. పిల్లకి చెప్పినట్టు చెప్పారు. "ఆయన సొక్కా సేతిలోకొచ్చీసరికి మీ కెమేరా ఉన్నాదన్న మాటే మర్సిపోనాను. ఆదివారం ఆ హాలుకి మా గుంటొస్తాది. దాని బళ్లో పిల్లలొస్తారు. ఆళ్లందరూ నన్ను అలగ సూడకూడదు. మిగతాది ఉంచండి. నాను పని సేసింది, కూకున్నది, అంతా ఉంచండి."

నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ చోట వయొలిన్ ఎలా కుదిరిందో, దానికోసం మేమెంత కష్టపడ్డామో చెప్పడం మొదలెట్టాను. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విన్నారు.

"సంగీతం నానెరగనమ్మా. బాగానే ఉండుంటాది. ఏడుపు మాత్రం నాది."

తివారీజీ అప్పటిదాకా కుర్చీలో ఉన్నవారు లేచి నిలబడ్డారు. "గిరీ, కాట్ దో. బహన్‌జీ ఏది చెబితే అదే."

ఆవిడ వెళ్లిపోయాక నేను ఆయనతో తగువుపడ్డాను. మూడు రోజుల్లో సినిమా పెట్టుకుని ఎలా కోస్తారని, నా సంగీతం ఏం కావాలని. మేనల్లుడి కోసం పదకొండు సెకన్లు కోయించుకున్న పెద్దమనిషికీ ఈవిడకీ తేడా ఏమిటని కూడా అడిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ చాలా మెల్లగా జవాబు చెప్పారు.

"ఆ రోజు నేను వినకూడదు, విన్నాను. ఆ పాపం నాది. ఈ రోజు వినాలి. ఉస్‌ కా చెహరా హై, కామేశ్వరీ. హమారా నహీఁ."

మొహం ఆవిడది, మనది కాదు. ఈ ఒక్క మాట కోసం నేను ఆ మనిషికి ఉన్న చాదస్తాలన్నీ క్షమించాను. మీకు కూడా ఇదే చెప్తాను. ఆఖర్లో మార్పు వచ్చినప్పుడు ఎన్ని సెకన్లని చూడకండి. అడుగుతున్నది ఎవరో, ఎందుకో చూడండి. కొందరి దగ్గర గట్టిగా నిలబడాలి. కొందరి దగ్గర చేతులు కట్టుకుని వినాలి.

శుక్రవారం, శనివారం

శుక్రవారం పొద్దున తొమ్మిదికి నేనూ గిరీ కూర్చున్నాం. ముందు సులువైన దారి చూశాం. బొమ్మలో ముప్పై ఎనిమిది సెకన్లు పోయాయి కాబట్టి సంగీతంలోనూ అవే ముప్పై ఎనిమిది తీసి రెండు కొసలూ అతికించాం. విన్నాం. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్న వయొలిన్ ఉన్నట్టుండి దిగిపోతోంది. పైకి వెళ్లకుండానే కింద పడ్డట్టు ఉంది. పైగా ముప్పై ఎనిమిది ఎనిమిదితో భాగిస్తే పోదు. తాళం రెండు సెకన్లు కుంటింది.

"ఇంకో రెండు సెకన్లు కొయ్యి, నలభై చెయ్యి" అన్నాను.

"ఇంకో రెండు కోస్తే ఆవిడ గుమ్మం దాటడం పోతుంది దీదీ. అప్పుడు బయట కూర్చున్న మనిషి ఒక్కసారిగా పొయ్యి దగ్గర కనపడుతుంది. తాళం కోసం మనిషిని ఎగరేయలేను కదా."

తర్వాత మెల్లగా తగ్గించి చూశాం. కరెంటు పోతున్నప్పుడు టేపురికార్డరు ఆగినట్టు ఉంది. టిఫిన్ క్యారేజీ దగ్గరి ముక్కనే రెండుసార్లు వేసి చూశాం. ఎదురుచూస్తున్న మనిషి మీద అది అతకలేదు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి నాలుగు రకాలు చేసి నాలుగూ పారేశాం.

భోజనం అయ్యాక గిరి అన్నాడు. "దీదీ, ఒకసారి సంగీతం లేకుండా చూద్దామా? నాకు ఆ వయొలిన్ విని విని బొమ్మ కనపడటం మానేసింది."

సంగీతం తీసేసి చూశాం. టిఫిన్ క్యారేజీ గిన్నెల చప్పుడు. చీపురు చప్పుడు. గుమ్మం. సైరన్. అప్పటిదాకా నేను వయొలిన్ కింద తొక్కేసిన సైరన్ మొదటిసారి మొత్తం వినపడింది. తర్వాత సైకిళ్లు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆవిడ చూస్తోంది. లేచి లోపలికి వెళ్లింది. పొయ్యి.

అప్పుడు నాకు నా తప్పు తెలిసింది. కోసేసిన చోట నా సంగీతం విరగలేదు. మొదటి స్వరం నుంచే తప్పుదారిలో ఉంది. చివర ఆవిడ ఏడుస్తుందని నాకు తెలుసు కాబట్టి, క్యారేజీ సర్దుతున్నప్పటి నుంచే ఏడుపు మొదలెట్టాను. నిజానికి ఆ పొద్దున ఆవిడకి ఏమీ తెలియదు. రోజూలాగే అన్నం పెడుతోంది, పచ్చడి పెడుతోంది, మూత బిగిస్తోంది. నేను ముందే వెళ్లి హాల్లోవాళ్ల చెవిలో చెప్పేశాను. ఏడుపు బొమ్మ ఉన్నంతకాలం ఆ తప్పు దాని వెనక దాక్కుంది. అది పోయాక బయటపడింది.

ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. ఒక షాటు తీసేస్తే దాని మీద ఉన్న సంగీతం ఒక్కటే చెడదు. ఆ షాటుని నమ్ముకుని ముందు కట్టిందీ చెడుతుంది, వెనక కట్టిందీ చెడుతుంది. అతుకులు వెయ్యడం మానేసి, మొదటి నుంచి చూసుకోవాలి.

శుక్రవారం సాయంత్రం లోపల కొత్తది కాగితం మీద రాశాను. క్యారేజీ నుంచి గుమ్మం దాకా ఎనిమిది ఆవర్తనాలు, పనిలో ఉన్న మనిషి నోట్లో మెదిలేలాంటి మామూలు వరస, శుభపంతువరాళి లేదు, ఏడుపు లేదు. సైరన్ మొదలవ్వగానే సంగీతం ఆగిపోతుంది. సైరన్, సైకిళ్లు, ఆవిడ లేచి లోపలికి వెళ్లడం, మొత్తం నలభై రెండు సెకన్లు ఏ వాద్యమూ లేదు. పొయ్యి వెలిగాక ఆరు ఆవర్తనాలు వయొలిన్ ఒక్కటే, కింది స్థాయిలోనే, పైకి ఎక్కకుండా. అరవై నాలుగు, నలభై రెండు, నలభై ఎనిమిది. మొత్తం నూట యాభై నాలుగు, కోశాక సీనులో మిగిలింది సరిగ్గా అంతే. తాళాన్ని కుంటించిన ఆ రెండు సెకన్లు సైరన్‌లో కలిసిపోయాయి. గిరి ఒక్క ఫ్రేము కూడా కోయక్కరలేకపోయింది.

గిరి పని నాకన్నా పెద్దది. కాపీ చేస్తే బొమ్మ మసకబారుతుందని, ఆ సీను నుంచి సినిమా చివరిదాకా అసలు టేపుల్లోంచి ప్రతి షాటూ వెతికి మళ్లీ ఎక్కించాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కూడా. ఎడిటర్ల గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే నేను ఊరుకోను, దానికి కారణం ఆ రెండు రోజులు.

శనివారం పొద్దున నా వయొలిన్ రికార్డు చేశాం, మూడు గూడ్సుబండ్లకి ఆగి. అంతా కుదిరిందనుకుని మొదటి నుంచి చివరిదాకా చూస్తున్నాం. చివర పేర్లు పడటం మొదలైంది. అక్కడ పాత సంగీతమే ఉంది, తారస్థాయికి ఎక్కే ఆ వయొలిన్. సీనులోది మళ్లీ గుర్తుచెయ్యాలని నేనే అక్కడ పెట్టాను. ఇప్పుడు గుర్తుచెయ్యడానికి సీనులో అది లేదు. గిరి నా మొహం చూశాడు. చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడింటికి సాహూ డ్యూటీ దిగి సైకిల్ మీద నేరుగా వచ్చాడు, ఇంకా బూట్లతోనే. సంగతి చెప్పాం. తను వాయించిందంతా పోతోందని విని ఒక్క నిమిషం వేణువు వైపు చూసుకున్నాడు.

"సబ్ గయా?" అన్నాడు.

"అంతా పోయింది భయ్యా. చివర పేర్ల మీద మాత్రం నువ్వొక్కడివే వాయించాలి. క్యారేజీ దగ్గరి వరస. తాళం లేదు, తీరిగ్గా."

అతను రెండుసార్లు వాయించాడు. మొదటిదే ఉంచాం. ఆ పాత వయొలిన్ టేపు నా దగ్గర చాలాకాలం ఉంది. వేరే సినిమాలో వాడుకోమని గిరి ఒకసారి అన్నాడు. నేను వాడలేదు. ఒక మనిషి మొహం చూసి కట్టిన సంగీతాన్ని ఇంకొకరి మొహానికి తగిలించడం నాకు చేతకాలేదు.

ఆదివారం

హాల్లో నాలుగు టీవీలు బల్లల మీద పెట్టారు. జనం బాగా వచ్చారు, పిల్లలు కింద కూర్చున్నారు. నరసమ్మగారు నాలుగో వరసలో కూతురి పక్కన కూర్చున్నారు. నేను గోడవారగా నిలబడ్డాను, టీవీల వైపు కాకుండా జనం వైపు చూడటానికి. పహిల్వాను సినిమా తర్వాత ఇది కూడా నాకు అలవాటయింది.

క్యారేజీ సీను మొదలైంది. కొందరు ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాకు భయం వేసింది. పాత సంగీతమైతే ఈపాటికి అందరూ గప్‌చుప్‌గా ఉండేవారు కదా అనుకున్నాను.

సైరన్ మోగింది.

ఎవరూ అనుకోనిది జరిగింది. ముందు వరసలో ఒకావిడ చేతిసంచి పట్టుకుని సగం లేచింది. ఇంటికెళ్లి తలుపు తియ్యాలన్నట్టు లేచింది. పక్కామె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇద్దరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు చేతి వాచీ చూసుకున్నారు. ఆ ఊళ్లో ఆ చప్పుడుకి ఒళ్లు ఎలా కదులుతుందో అలాగే కదిలింది. తర్వాత సైకిళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. హాల్లో అందరూ ఆ సందులోకి చూస్తూ కూర్చున్నారు, ఒక్క సైకిల్ కోసం. నలభై రెండు సెకన్లు ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది.

పొయ్యి వెలిగింది. వయొలిన్ మొదలైంది. నరసమ్మగారి కూతురు తల్లి భుజానికి తల ఆనించింది. ఆవిడ తల దించుకోలేదు. చివరిదాకా సూటిగా చూస్తూ కూర్చున్నారు.

అయ్యాక జనం తివారీజీ చుట్టూ చేరారు. ఇద్దరు కార్మికులు తమ షాపులో గొలుసుల గురించి అక్కడే గట్టిగా మాట్లాడుకోవడం మొదలెట్టారు. నేను వయొలిన్ పెట్టె తీసుకుని బయటికి వస్తుంటే నరసమ్మగారు మెట్ల దగ్గర ఆపారు. కూతుర్ని కొంచెం దూరంగా నిలబెట్టి దగ్గరికొచ్చారు.

"మొన్న నీ మనసు కష్టపెట్టినానేటమ్మా?"

లేదని తల ఊపాను.

ఆవిడ కొంగు సర్దుకుని అన్నారు. "సైరన్ తరవాత నువ్వేటీ వాయించనేదు కదా."

"లేదండి. అక్కడ ఏమీ పెట్టలేదు."

"ఆ రోజూ అంతేనమ్మా. సైకిళ్లన్నీ ఎల్లిపోనాక నాకింకేటీ ఇనపడనేదు. పక్కింటోలు పిలుస్తన్నా ఇనపడనేదు. అది నీకెలగ తెలిసిందో."

నాకు తెలియదు. గిరి చెబితే వయొలిన్ తీసేసి చూశాను, అంతే. కానీ ఆ మాట ఆవిడతో అనలేదు. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని ఖుర్సీపార్ వైపు నడిచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాలా సినిమాలు చేశాను. మెచ్చుకున్నవాళ్లున్నారు, శాలువాలు కప్పినవాళ్లున్నారు. నీ పనిలో మంచిదేదని ఎవరైనా అడిగితే మాత్రం ఆ నలభై రెండు సెకన్ల గురించే చెప్తాను. అందులో ఒక్క స్వరం లేదు. చివర పేర్లలో సంగీతం అని నా పేరు పడింది. సరిగ్గానే పడింది.